డాగ్ పార్క్ కావాలంటే ముందు కుక్కల్లేని వాళ్ల తలుపు తట్టండి

ప్రశ్న: నగరంలో బాగా ఇరుకైన కాలనీ మాది. ఇళ్లన్నీ అపార్ట్‌మెంట్లే. మా జిమ్మీకి మూడేళ్లు. దాన్ని గొలుసు విప్పి పరిగెత్తనిద్దామంటే చుట్టుపక్కల జానెడు జాగా లేదు. ఉన్న ఒక్క పార్కు గేటు మీదా ‘కుక్కలకు ప్రవేశం లేదు’ అని బోర్డు. నీళ్ల ట్యాంకు వెనకాల మున్సిపల్ స్థలం ఒకటి ఏళ్ల తరబడి పిచ్చిమొక్కలతో, చెత్తతో పడి ఉంది. అక్కడ డాగ్ పార్క్ పెట్టమని నేను, ఇంకో నలుగురు కలిసి ఆన్‌లైన్‌లో పిటిషన్ పెడితే 1100 సంతకాలు వచ్చాయి. ప్రింట్ తీసి ఆఫీసులో ఇస్తే ‘పైవాళ్లకు పంపుతాం’ అన్నారు. మూడు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. మొన్న కాలనీ మీటింగ్‌లో ఈ మాట ఎత్తగానే ఒక పెద్దాయన లేచి ‘మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు పార్కా?’ అని అందరి ముందూ గద్దించారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. మావారేమో ‘నీకెందుకీ తలనొప్పి’ అంటున్నారు. ఇంకోటి, వేరే కుక్క దగ్గరికొస్తే జిమ్మీ నా కాళ్ల వెనక దాక్కుంటుంది. పార్కు వస్తే దానికీ భయం పోతుందని నా ఆశ. ఇప్పుడేం చేయాలి? ఆ పెద్దాయనకు ఏమని జవాబు చెప్పాలి?

(పేరు వేయవద్దన్న పాఠకురాలు)

సమాధానం: ముందు ఆ 1100 సంతకాల సంగతి చూద్దాం. అంత కట్ట చేతికి రాగానే ఆఫీసులో మనిషికి వచ్చే మొదటి అనుమానం ‘ఇందులో ఈ వార్డు వాళ్లెంతమంది?’ అని. ఆన్‌లైన్ లింకు ఎక్కడెక్కడికో పోతుంది. ఎక్కడో వేరే ఊళ్లో ఉండే మీ స్నేహితురాలి స్నేహితురాలు కూడా కుక్క బొమ్మ చూసి ముచ్చటపడి సంతకం పెట్టే ఉంటుంది. ఆమెకు ఇక్కడ ఓటు లేదు, ఆ స్థలం పక్కన ఇల్లూ లేదు. అందుకే ఆ కట్ట బల్ల మీద నుంచి కదల్లేదు. దాని బదులు పేరు, ఇంటి నంబరు, సంతకం ఉన్న 150 మంది కాగితం తయారు చేయండి. అందరూ ఆ స్థలానికి నడిచి రాగలిగే దూరంలో ఉన్నవాళ్లే కావాలి. వాళ్లలో కనీసం 50 మందికి కుక్కే లేదనుకోండి, ఆ కాగితాన్ని పక్కన పెట్టేయడం ఎవరికైనా కష్టం.

కుక్కలున్నవాళ్లను కూడగట్టడం పెద్ద పనేం కాదు. సాయంత్రం గొలుసు పట్టుకుని రోడ్డు మీదికొస్తే నలుగురు కలుస్తారు, వాట్సాప్ గ్రూపు తయారవుతుంది. కుక్క లేని ఆ 50 మంది మీ పార్కుకు ఎందుకు సరే అనాలి? మీరు తేల్చుకోవాల్సింది అదొక్కటే. మిగతా పనులన్నీ దాని వెనకే వస్తాయి.

కాబట్టి నేనైతే మొట్టమొదట ఆ పెద్దాయన ఇంటికే వెళ్తాను. జవాబు చెప్పడానికి కాదు. ‘మొన్న మీరన్న మాట గురించే వచ్చానండీ, అసలు మీకు ఇబ్బంది ఎక్కడొచ్చిందో చెప్తారా’ అని అడిగి, ఆయన చెప్పినంతసేపూ వినడానికి. ఇలాంటి కోపం వెనక సాధారణంగా ఏదో ఒక సంఘటన ఉంటుంది. పొద్దున వాకింగ్‌లో చెప్పుకు అంటిన పెంట కావచ్చు. మనవడి మీదికి ఎగిరిన కుక్కను చూసి దాని యజమాని ‘ఏం చేయదండీ, ఆడుకుంటోంది’ అని నవ్వేసి వెళ్లిపోయి ఉండవచ్చు. (కుక్కల్ని పెంచేవాళ్లందరం ఎప్పుడో ఒకప్పుడు అనేసే మాటే ఇది. భయపడ్డ మనిషికి ఇంతకన్నా ఒళ్లు మండే మాట ఉండదు.) రాత్రిళ్లు పై ఫ్లాట్‌లో మొరుగుడుకి నిద్ర పట్టకపోవడం కావచ్చు. ఆయన చెప్పింది నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆయన చూస్తుండగానే. అక్కడికక్కడే పరిష్కారాలు చెప్పకండి. ‘కుక్కలూ ప్రాణులే కదండీ’ అని మాత్రం పొరపాటున కూడా అనకండి. ఆ మాట ఎవరి మనసూ మార్చదు, పైగా కుక్కలంటే పడనివాళ్లకు జాలి లేదని ఎత్తిపొడిచినట్టు ఉంటుంది.

ఇక ‘మనుషులకే దిక్కు లేదు’ అన్న మాటలో న్యాయం లేకపోలేదు. చోటు కొంచెమే, డబ్బూ కొంచెమే, అడిగేవాళ్లు ఎక్కువ. ఆ సంగతి మీరే ముందు ఒప్పుకుంటే మంచిది. ఆ తర్వాత మీరు చెప్పాల్సింది ఇదీ: కుక్కలు ఎలాగూ కాలనీలో ఉన్నాయి. రోజూ రెండుసార్లు బయటికొస్తున్నాయి. పార్కు లేదని అవేమీ ఇళ్లలో ఉండిపోవడం లేదు, ఫుట్‌పాత్ మీద, పిల్లలు ఆడే సందులో, పార్కు గోడ పక్కన తిరుగుతున్నాయి. వాటికొక కంచె వేసిన చోటు ఉంటే మిగతా చోట్లు మనుషులకు మిగులుతాయి. అందుకని మీ అర్జీలో ‘మా కుక్కలకు స్వేచ్ఛ కావాలి’ అన్న ధోరణి తీసేసి, ‘వీధులు, పిల్లల పార్కు శుభ్రంగా, భయం లేకుండా ఉండాలి, దానికి ఇదొక మార్గం’ అన్న ధోరణిలో రాయండి. ఇది జిత్తు కాదు. రెండూ నిజాలే, ఎదుటివాళ్లకు పనికొచ్చే నిజాన్ని ముందు పెడుతున్నారు, అంతే.

అయితే ఈ మాట నిలబడాలంటే పెంట గురించి మీకు బాగా తెలిసుండాలి. నవ్వకండి, మీటింగుల్లో సగం ప్రశ్నలు దీని గురించే వస్తాయి. కుక్క కడుపులో ఉండే ఏలిక పాముల గుడ్లు పెంటతో పాటు బయటికొస్తాయి. వచ్చిన వెంటనే అవి ఎవరికీ ఏమీ చేయలేవు. మట్టిలో కొన్ని వారాలు ఉన్నాకే రోగం అంటించే దశకు వస్తాయి, ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడే ఉండగలవు. కొంకి పురుగులు (హుక్‌వర్మ్‌లు) ఇంకా తొందరగా, వారం పది రోజుల్లో పిల్ల పురుగులై, ఉత్త కాళ్లతో నడిచేవాళ్ల చర్మంలోంచే లోపలికి దూరతాయి. దీన్నిబట్టి మీకు తెలిసేదేమిటి? ఏ రోజు పెంట ఆ రోజే ఎత్తేస్తే ప్రమాదం చాలా మటుకు అక్కడితో ఆగిపోతుంది. వానకు కొట్టుకుపోతుందిలే, ఎరువవుతుందిలే అని వదిలేస్తే మట్టే పాడవుతుంది. కుక్కపిల్లల ప్రాణాల మీదికి తెచ్చే పార్వో వైరస్ అయితే నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికే ఉంటుంది. అందుకే టీకాలు పూర్తికాని కుక్కపిల్లను డాగ్ పార్కుకు తీసుకురావద్దంటారు, దాదాపు నాలుగు నెలల వయసు వచ్చి టీకాల వరస పూర్తయ్యేదాకా ఆగమంటారు. నిలవ నీళ్లుంటే లెప్టోస్పైరోసిస్ భయం ఉంది. జంతువుల మూత్రం కలిసిన నీళ్ల వల్ల అంటుకునే జబ్బు అది, మనుషులకూ వస్తుంది. ఇవన్నీ దాచిపెట్టి ‘ఏం కాదండీ’ అంటే మొదటి వానాకాలంలోనే మీ పరువు పోతుంది. మీరే ముందు చెప్పి, ‘అందుకే రోజువారీ శుభ్రం ఎవరు చేస్తారో రాసిస్తున్నాం’ అనండి. ఆ రాసివ్వడం గురించి కింద చెప్తాను.

ఇక స్థలం. నీళ్ల ట్యాంకు వెనకాల అన్నారు కదా, నాకు అక్కడే చిన్న టెన్షన్. ట్యాంకు ఆవరణలో అదొక భాగమా, విడి స్థలమా? రెండు వేర్వేరు శాఖల చేతుల్లో ఉండవచ్చు. మీ అర్జీ తప్పు శాఖ బల్ల మీద పడి ఉండి, మూడు నెలలుగా ఎవరూ నోరు మెదపకపోవడానికి కారణం ఇదే అయినా ఆశ్చర్యం లేదు. ముందు ఆ స్థలం ఎవరి పేరున ఉందో, దాని మీద వేరే ప్లాన్ ఏదైనా ఉందో రికార్డుల్లో చూసుకోండి. కింద తాగునీటి సంపు గానీ పైపులైను గానీ ఉంటే ఆ స్థలం మీద ఆశ వదులుకోండి, వాదించకండి. తాగేనీళ్ల పక్కన కుక్కల్ని వదులుతామంటే మొట్టమొదట కాదనేది నేనే. వాన వెలిసిన మర్నాడు ఒకసారి వెళ్లి చూడండి, నీళ్లు ఎటు పోతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. దగ్గరి కిటికీకి ఎన్ని అడుగుల దూరమో కొలవండి. మొరుగుడు గురించి అడిగేది ఆ కిటికీలోని మనిషే. రెండో స్థలం, మూడో స్థలం కూడా వెతికి పెట్టుకోండి. ఒక్క స్థలం పట్టుకుని వెళ్తే ‘కుదరదు’ అనడానికి ఒక్క కారణం చాలు. మూడు పట్టుకుని వెళ్తే ‘ఏది నయం’ అన్న చర్చ మొదలవుతుంది.

ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోయిన నేల ఇలాంటి వాటికి బాగా అచ్చొస్తుంది. అమెరికాలో మొదటి డాగ్ పార్కుగా చెప్పుకునేది కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరంలో 1979లో మొదలైంది, ఓలోనీ పార్కులో. ఆ నేల కింద రైలు సొరంగం ఉంది. సొరంగం తవ్వడానికి పైన ఇళ్లు కూల్చేశారు, పని అయ్యాక ఆ జాగా ఖాళీగా మిగిలిపోయింది. అందులోనే ఒక మూల కుక్కలకు దక్కింది. దాన్ని మొదట శాశ్వతమైన పార్కుగా ప్రకటించలేదు, ప్రయోగంగానే మొదలుపెట్టారు. ‘నచ్చకపోతే తీసేస్తాం’ అన్న వెసులుబాటు ఉంటే ఎదురు చెప్పేవాళ్ల బిగువు సగం సడలుతుంది. సంతకం పెట్టాల్సిన అధికారికీ ధైర్యం వస్తుంది.

మీరూ అంతే చేయండి. ‘డాగ్ పార్క్ కట్టండి’ అని కాకుండా ‘ఆరు నెలలు చూద్దాం’ అని అడగండి. తాత్కాలిక కంచె, ఒక గేటు, ఒక చెత్త డబ్బా, ఒక బోర్డు. ఆరు నెలల తర్వాత ఏం చూసి ఉంచాలో, ఏం చూసి తీసేయాలో ముందే రాసుకోండి: ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎవరికైనా గాట్లు పడ్డాయా, రోజుకు ఎన్ని కుక్కలు వచ్చాయి, పక్క వీధిలో పెంట తగ్గిందా. ఆ లెక్క రాసే పనిలో కుక్కల్లేని ఇద్దరిని కలుపుకోండి. మీ లెక్క మీరే రాసుకుంటే ఎవరు నమ్ముతారు?

అసలు స్థలమే దొరకకపోతే వేళలు అడగవచ్చు. న్యూయార్క్ నగరంలో ఎంపిక చేసిన పార్కుల్లో పొద్దున 9 లోపు, రాత్రి 9 తర్వాత కుక్కల గొలుసు విప్పనిస్తారు. ఇరవై ఏళ్ల పాటు ఇది కాగితం మీద లేకుండా ఆనవాయితీగానే నడిచింది. తర్వాత ఒక పౌర సంఘం కోర్టుకు వెళ్లింది, దావా నిలబడలేదు, 2007లో నగరం దీన్ని నిబంధనల్లోనే చేర్చింది. లైసెన్సు, రేబిస్ టీకా వేయించిన రుజువు దగ్గరుంచుకోవాలన్నది షరతు. మీ ‘ప్రవేశం లేదు’ పార్కులోనే పొద్దున పిల్లలు, పెద్దవాళ్లు రాకముందు ఒక గంట అడిగి చూడండి. కొత్త జాగా అక్కర్లేదు, ఖర్చు దాదాపు లేదు. కాకపోతే కంచె సరిగ్గా లేని పార్కులో ఈ పద్ధతి వద్దు. పిలిస్తే వెనక్కి రాని కుక్కకూ వద్దు.

స్థలం దొరికితే ఎంత కావాలి అని అడుగుతారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఎకరం, అంతకన్నా ఎక్కువ ఉంటే మంచిదంటుంది, చుట్టూ నాలుగు నుంచి ఆరు అడుగుల కంచె ఉండాలంటుంది. ఎకరం అంటే 4840 గజాలు. కిక్కిరిసిన నగరంలో అంత అడిగితే నవ్వుతారు. చాలా చోట్ల ఇంతకన్నా బాగా చిన్నవే నడుస్తున్నాయి. కానీ చోటు చిన్నదయ్యే కొద్దీ మూడు సంగతులు గుర్తుంచుకోండి. నేల తొందరగా అరుగుతుంది. కుక్కలు ఒకదాన్నుంచి ఒకటి తప్పుకోవడానికి చోటుండదు. ఒకేసారి ఎన్నిటిని రానివ్వాలో హద్దు పెట్టుకోవాల్సి వస్తుంది. పచ్చగడ్డి మీద ఆశ పెట్టుకోకండి. మూత్రంలోని నైట్రోజన్‌కి గడ్డి మాడుతుంది, మిగిలింది కాళ్ల కింద పోతుంది, ఆఖరికి బురదే. చెక్క పేళ్లో, గట్టిగా దిమ్మిస చేసిన గ్రావెలో మేలు. అన్నిటికన్నా ముందు నీళ్లు పోయే వాలు చూసుకోవాలి.

డబ్బు తక్కువైతే దేని మీద పెట్టాలంటే నేను గేటు అంటాను. బొమ్మలు, సొరంగాలు, దూకే అడ్డకర్రలు తర్వాత చూసుకోవచ్చు. రెండు గేట్లుండాలి, మధ్యలో ఒక మనిషి, ఒక కుక్క నిలబడేంత జాగా. బయటి గేటు తీసి లోపలికి రావాలి, అది మూసి, గొలుసు విప్పి, అప్పుడు లోపలి గేటు తీయాలి. రెండూ ఒక్కసారి తెరుచుకోకూడదు. రోడ్డు మీదికి కుక్క దూసుకుపోకుండా కాపాడేది ఇదే. ఇంకో ఉపయోగం చాలామందికి తట్టదు. కొత్త కుక్క రాగానే లోపలున్న ఐదారు కుక్కలు పరుగున గేటు దగ్గరికొస్తాయి. రైలు దిగేవాళ్లకు దారివ్వకుండా ఎక్కేవాళ్లంతా తలుపు దగ్గర మూగినట్టే ఉంటుంది ఆ దృశ్యం. అప్పుడు కొత్త కుక్క మెడలో గొలుసు బిగిసి ఉంటే అది పారిపోలేదు, యజమాని భయంతో గొలుసు ఇంకా లాగుతాడు, మెడ నిక్కుతుంది, పళ్లు కనిపిస్తాయి. పోట్లాటలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. అందుకని గొలుసు మధ్య గదిలోనే విప్పాలి. గేటు కంచె మూలలో ఉండకూడదు, మూలైతే కుక్క ఇరుక్కుపోతుంది. బెంచీలు గేటు పక్కన వేయకూడదు, వేస్తే మనుషులు అక్కడే కూర్చుంటారు, వాళ్ల కుక్కలు అక్కడే కాపు కాస్తాయి. బెంచీలు దూరంగా, విడివిడిగా, చెట్టు నీడలో ఉండాలి. కుదిరితే చిన్న కుక్కలకు వేరే అర కట్టించండి. ఆటలోనే అయినా ముప్ఫై కిలోల కుక్క మూడు కిలోల దాని మీద పడితే చాలు.

నిబంధనలు తక్కువగా ఉంటేనే జనం చదువుతారు. టీకాల రుజువు, ఎదకొచ్చిన ఆడకుక్కకు ప్రవేశం లేదు, తిండి, ఆటవస్తువులు లోపలికి తేకూడదు (వాటి దగ్గరే కొట్లాటలు), చిన్నపిల్లలు పెద్దవాళ్లు లేకుండా రాకూడదు, ఎవరి కుక్క పెంట వాళ్లే ఎత్తాలి, ఫోన్ చూస్తూ కూర్చోకూడదు. ఈ చివరిది బోర్డు మీద రాయడం చాలామందికి నచ్చదు. నేను మాత్రం పెద్ద అక్షరాలతో రాయమంటాను.

ఇప్పుడు రాసివ్వడం సంగతి. ఏ ఆఫీసులోనైనా కొత్త పార్కు అనగానే భయం కట్టడం గురించి కాదు, కట్టాక ఏడాదికేడాది దాన్ని ఎవరు చూస్తారన్నదాని గురించి. ప్రారంభోత్సవానికి అందరూ వస్తారు, ఎనిమిదో నెలలో విరిగిన గేటు గడియ బాగుచేయడానికి ఎవరు వస్తారు? మీ ఐదుగురే కాకుండా పది పన్నెండు మంది కలిసి సంఘంగా రిజిస్టర్ చేయించుకోండి. బ్యాంకు ఖాతా తెరవండి. తర్వాత ఒక్క పేజీ ఒప్పందం ముసాయిదా మీరే రాసి పట్టుకెళ్లండి: రోజూ పెంట ఎత్తడం, కవర్లు పెట్టడం, గేటు తాళం, వారానికోసారి గుంటలు పూడ్చడం, ఫిర్యాదులకు ఫోన్ ఎత్తడం మావి. చెత్త తీసుకెళ్లడం, నీళ్లు, కంచె పెద్ద మరమ్మతులు, లైటు మీవి. ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది, బీమా ఎవరు కట్టాలి అన్నది కూడా అందులో రాయండి, వాళ్లు అడిగేదాకా ఆగకండి. చేయగలిగినదే రాయండి. ఐదుగురున్న గ్రూపు ఏడాదంతా రోజూ ఊడుస్తామని రాసిస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. ముప్ఫై మంది ఉంటే ఒక్కొక్కరికి నెలకు ఒక్క రోజు వస్తుంది, అది నడిచే లెక్క.

పార్కు రాకముందే ఆ ఊడ్చే పని మొదలుపెట్టమని నా సలహా. ఆదివారాలు ఇద్దరిద్దరు కవర్లు పట్టుకుని వీధిలో ఉన్నదంతా ఎత్తండి, మీ కుక్కదీ, ఎవరి కుక్కదో కూడా. మొదటి వారం చూసినవాళ్లు నవ్వుతారు. నెల తర్వాత ఆ సంతకాల కాగితం పట్టుకుని తలుపు తడితే, అదే మనుషులు లోపలికి రమ్మంటారు. కొంతమందికి ఇది మరీ తగ్గినట్టు అనిపిస్తుంది. ‘పక్కింటాయన కుక్క పెంట నేనెందుకు ఎత్తాలి?’ అంటారు. ఎత్తనక్కర్లేదు, కానీ అలాంటివాళ్లు కాగితాలు తయారుచేసే పనిలో ఉంటే మంచిది.

మీ వార్డు ప్రతినిధిని కలిసేటప్పుడు ఇరవై మంది, పది కుక్కలతో ఊరేగింపుగా వెళ్లకండి. ముగ్గురు చాలు: మీరు, కుక్క లేని ఒక తల్లి లేదా తండ్రి, ఒక పశువైద్యుడు దొరికితే ఆయన. ఒక్క పేజీ, ఒక్క మ్యాపు, స్థలం ఇప్పుడు ఎలా ఉందో రెండు ఫోటోలు. వచ్చే ఏడాది బడ్జెట్ కోసం పనుల జాబితా ఎప్పుడు తయారవుతుందో అడగండి. ఆ జాబితా ముగిశాక వెళ్తే ఎంత మంచి అర్జీ అయినా ఏడాది ఆగుతుంది. మాటిచ్చారని సంబరపడి వచ్చేయకండి. ‘మీరు ఫలానా తేదీలోపు స్థలం చూసేందుకు ఇంజనీరును పంపుతామన్నారు, ధన్యవాదాలు’ అని ఆ సాయంత్రమే రాసి పంపండి. జరిగింది రాతలో ఉంటుంది.

బహిరంగ సమావేశం పెడితే మాట్లాడేందుకు మీకు రెండు మూడు నిమిషాలే ఇస్తారు. అందరూ లేచి ‘మా కుక్క మాకు బిడ్డలాంటిది’ అని చెప్తే అయిదో మనిషికే హాలు విసిగిపోతుంది. ఒకరు స్థలం గురించి, ఒకరు శుభ్రం గురించి, ఒకరు ఖర్చు గురించి, ఒకరు భయం గురించి, ఇలా పంచుకోండి. భయం గురించి మాట్లాడేది కుక్కలంటే భయం ఉన్న మనిషే అయితే ఇంకా మంచిది. ‘నాకు భయం, అందుకే వాటికి కంచె ఉండాలంటున్నాను’ అని ఆమె అంటే దానికి తిరుగులేదు. ఎవరైనా మళ్లీ మీ మీద గట్టిగా అరిస్తే అరవనివ్వండి. మీ తరఫున వేరేవాళ్లు కూడా నోరు చేసుకోకుండా ముందే చెప్పి ఉంచండి.

మీవారి మాట గురించి ఎక్కువ చెప్పను. సాయంత్రాలన్నీ ఫోన్‌లో గ్రూపు మెసేజ్‌లతోనే గడిచిపోతుంటే ఆయన అనడంలో తప్పు లేదు. పనులు పంచేయండి, గ్రూపుకు జవాబులు ఇచ్చే పని వేరొకరికి అప్పగించండి. ఇలాంటి పనులు ఏళ్లు పడతాయి, ఒక్కరే మోస్తే ఆరో నెలకే నీరసం వస్తుంది.

జిమ్మీ గురించి మాత్రం సూటిగా చెప్పాలి. కాళ్ల వెనక దాక్కునే కుక్కను పదికుక్కల మధ్య వదిలితే ధైర్యం రావడం కన్నా భయం ముదరడమే ఎక్కువ. కుక్కపిల్లగా అందరితో కలిసిపోయినవి కూడా ఏడాది నుంచి మూడేళ్ల మధ్య పెద్దవై, కొన్నిటితోనే చెలిమి చేస్తామంటాయి. అది రోగం కాదు, వాటి స్వభావం. జిమ్మీకి కావాల్సింది నెమ్మదైన ఒకే ఒక్క తోడు కుక్క కావచ్చు, ముందు గొలుసులతో పక్కపక్కన నడక, ఆ తర్వాత కంచెలో ఇద్దరే. తోక కాళ్ల మధ్యకు పోవడం, చెవులు వెనక్కి వాలడం, పదేపదే మూతి నాక్కోవడం కనిపిస్తే అక్కడితో ఆపి ఇంటికి తీసుకెళ్లండి. మీ ఒప్పందంలో వారానికి రెండు రోజులు ఒక గంట, మూడు కుక్కలకు మించకుండా ‘నెమ్మది వేళ’ అని పెట్టుకోండి. పిరికి కుక్కలు, ముసలి కుక్కలు, ఆపరేషన్ నుంచి కోలుకుంటున్నవి దానికే వస్తాయి. అప్పటికీ జిమ్మీకి నచ్చకపోతే, మీరు పోట్లాడి తెచ్చిన పార్కుకు అది ఎప్పటికీ రాకపోవచ్చు. అలా తేలినా ఈ పని చేయాలని మీకు అనిపిస్తుందా? ఒకసారి అడిగి చూసుకోండి. అవునంటే ఇక వెనక్కి చూడక్కర్లేదు.

ఒకవేళ కాదన్నారనుకోండి. కాదన్న కారణం కాగితం మీద అడగండి. ‘స్థలం వేరే పనికి కేటాయించాం’ అంటే రెండో స్థలం తీయండి. ‘నిధులు లేవు’ అంటే పార్కులో పొద్దుటి గంట అడగండి. ‘స్థానికులు ఒప్పుకోవడం లేదు’ అంటే ఎవరెవరో కనుక్కుని వాళ్లింటికి వెళ్లండి. కారణమే చెప్పకపోతే, వచ్చే బడ్జెట్ జాబితా మొదలయ్యే నెలలో అదే ఒక్క పేజీ, కొత్త తేదీ వేసి, ఇంకో 50 సంతకాలు జత చేసి మళ్లీ ఇచ్చి రండి.